యాసిడ్ మీద నీళ్లు

జులై 7, సోమవారం

ప్రిన్సిపాల్ త్రినాధరావు గారు పిలిచి శుభవార్త అన్నారు. ఆయన శుభవార్త అన్నప్పుడల్లా నాకు పీరియడ్లు తగ్గుతాయి. ఈసారీ తగ్గేయి. ఆ సంగతి చివర్లో చెప్పేరు.

పోయిన ఏడాది కెమిస్ట్రీ ల్యాబ్‌లో నా చేత నలభై వీడియోలు చేయించేరు. అటెండర్ పోతురాజు ఫోన్ పట్టుకున్నాడు, నేను పాఠం చెప్పేను. వాటిని కాలేజీవాళ్లు క్లాస్‌తోట అనే యాప్ కంపెనీకి ఇచ్చేరు. ఇప్పుడు మా పిల్లల పాఠాలు అందులోనే, హాజరు అందులోనే, మార్కులూ అందులోనే. ఆ కంపెనీ నా వీడియోల్ని వేరే జిల్లాల కాలేజీలకి కూడా ఇస్తోందట. అక్కడి పిల్లలకి నా భాష అర్థం కావట్లేదని ఫిర్యాదు.

"మేడమ్, మీరు సేత్తన్నాం అంటున్నారట," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"క్లాసులో నేను చేస్తున్నాం అనే అంటానండి."

వీడియో పెట్టి వినిపించేరు. సేత్తన్నాం అనే అన్నాను. మూడుసార్లు.

కంపెనీ దగ్గర ఒక ప్రోగ్రాం ఉందిట. అది నా మాట విని, నా గొంతుతోనే, మంచి తెలుగులో మళ్లీ చెప్తుంది. పెదాలు కూడా ఆ మాటలకి తగ్గట్టు కదుపుతుంది. నేను ఒకసారి విని 'ఆమోదించు' అన్నచోట నొక్కితే చాలు.

వీడియోలు ఇంత బాగుపడుతున్నాయి కాబట్టి సెకండియర్ థియరీ సగం ఇకమీదట వాటితోనే. నాది గంటల లెక్క ఉద్యోగం. "ఇది తగ్గించడం కాదు మేడమ్, బ్లెండెడ్ అంటారు," అన్నారు. ఆ మాటకి అర్థం చాలాసేపు చెప్పేరు. టీ ఇప్పించేరు.

జులై 10, గురువారం

మొదటి వీడియో విన్నాను. నా జన్మలో అంత బాగా మాట్లాడలేదు. ఎక్కడా తడబాటు లేదు. 'ద్రావణమును నెమ్మదిగా కలుపవలెను' అంటున్నాను. చీర కూడా బాగున్నట్టు అనిపించింది.

అత్తగారు పక్కన కూర్చుని చూసేరు. "ఈవిడెవరే? మంచి ఇంటి పిల్లలాగుంది."

"నేనే అత్తయ్యా."

"నువ్వా?" కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ చూసేరు. "మరి మనింట్లో ఇలాగ మాటాడవేటి?"

ఈయన అచ్యుతాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు అయి, కంపెనీ బస్సు దిగి, అన్నం తింటూ విన్నారు. "బాగుంది గాని రాజీ, ఒక్కసారీ తిట్టలేదేటి ఎవర్నీ?" అన్నారు. ఈయనకి మెచ్చుకోవడం రాదు.

జులై 11, శుక్రవారం

రెండోది కూడా విన్నాను. బాగుంది. మొదటిది మళ్లీ విన్నాను.

జులై 14, సోమవారం

మెయిల్ వచ్చింది. మిగతావి ఈ వారంలో ఆమోదించాలట. ఒక్కొక్కటి నలభై నిమిషాలు. రోజుకి ఆరేడు వింటే చాలు. వింటాను.

జులై 16, బుధవారం

వినలేదు. కుక్కర్ వాషర్ పోయింది.

జులై 17, గురువారం

వినలేదు.

జులై 19, శనివారం

ప్రిన్సిపాల్ గారు వరండాలో ఆపేరు. మిగతా కాలేజీలన్నీ మన గురించే ఆగి ఉన్నాయిట.

"ఇంకా ఏటి మేడమ్ వినడం? మీ గొంతే కదా. మీరు చెప్పిందే కదా."

అదీ నిజమే. నేను చెప్పింది నాకు తెలీదా. స్టాఫ్ రూములో కూర్చుని తెరిచేను. కింద 'అన్నీ ఆమోదించు' అని ఉంది. నొక్కేను. తెర మీద మొక్కలు మొలిచి, పువ్వులు పూసేయి. 'అభినందనలు రాజశ్రీ గారూ, మీ తోట వికసించింది' అని వచ్చింది. బాగా చేసేరు ఆ బొమ్మ.

జులై 28, సోమవారం

ల్యాబ్ గోడకి పెద్ద టీవీ బిగించేరు. మంగళ, గురువారాలు సెకండియర్ ల్యాబ్ కూడా ఇంక వీడియోతోనే.

"ల్యాబ్‌లో మనిషుండాలి కదండీ," అన్నాను.

"పోతురాజు ఉన్నాడు కదా."

పోతురాజు బ్యూరెట్లు బాగా కడుగుతాడు. టీవీ రిమోట్ ముట్టుకోడానికి భయపడతాడు. ఆ మాటే అన్నాను. రిమోట్ అక్కర్లేదు, దానంతటదే మొదలవుతుంది అన్నారు.

ఆగస్టు 5, మంగళవారం

ల్యాబ్ టైములో స్టాఫ్ రూములో కూర్చున్నాను. పన్నెండు దాకా పని లేదు. గోడ అవతల నుంచి నా గొంతు వినిపిస్తూ ఉంది. సుఖంగా ఉంది.

ఆగస్టు 7, గురువారం

మళ్లీ అలాగే. సుఖంగా ఉంది.

ల్యాబ్ అయ్యేక కొండతల్లి ఎదురైంది. సెకండియర్ పిల్ల. మాడుగుల అవతల కొండల్లోంచి వచ్చి హాస్టల్లో ఉంటుంది. మొదటి బల్ల దగ్గరే నిలబడుతుంది. నేను చెప్పిన ప్రతి ముక్కా పెదాలతో ఒకసారి అనుకుని అప్పుడు చెయ్యి కదుపుతుంది. ఈ పిల్ల ట్యూబు పగలగొట్టగా నేను చూడలేదు.

"మేడమ్, మీరింక ల్యాబ్‌కి రారా?"

"టీవీలో వస్తున్నాను కదా."

"వత్తన్నారు మేడమ్. కానీ నేను ఎనకబడితే మీరు ఆగట్లేదు."

నవ్వేను. స్టాఫ్ రూములోకి వెళ్లిపోయేను.

ఆగస్టు 12, మంగళవారం

కొండతల్లి చెయ్యి కాలింది. ఆసుపత్రి నుంచి ఇప్పుడే వచ్చేను. రాయలేను.

ఆగస్టు 13, బుధవారం

రాస్తాను.

పదకొండు దాటింది. నేను స్టాఫ్ రూములో ఉన్నాను. పక్క గదే. గోడ అవతల నా గొంతు పాఠం చెప్తోంది. అంతలో గాజు పగిలిన చప్పుడు, కేక. పరుగెత్తేను. నేను వెళ్లేసరికే పోతురాజు ఆ పిల్ల చెయ్యి కుళాయి కింద పెట్టి గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఆమె గుంజుకుంటోంది, వాడు వదలట్లేదు, వాడూ ఏడుస్తున్నాడు. టీవీలో నేను ఆగలేదు. తరవాత ఏం చెయ్యాలో చెప్తూనే ఉన్నాను. ఎవరో ప్లగ్గు పీకేరు.

గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్. బీకర్లో యాసిడ్ ముందు తీసుకుని దాని మీద నీళ్లు పోసింది. అలా పోస్తే నీళ్లు ఒక్కసారిగా మరిగి యాసిడ్‌ని మొహం మీదకి చిమ్ముతాయి. ఇది ఫస్టియర్ పిల్లలకీ తెలుసు. మొహం తిప్పుకుంది కాబట్టి కళ్లు దక్కేయి. కుడి చెయ్యి మోచేతి దాకా, మెడ మీద కొంచెం. వేళ్లు పూర్తిగా ముడుచుకుంటాయో లేదో ఇప్పుడే చెప్పలేం అన్నారు డాక్టరు.

స్ట్రెచర్ మీద నన్ను చూసి, "మేడమ్, మీరు సెప్పినట్టే సేసేను," అంది.

చుట్టూ పిల్లలున్నారు, ప్రిన్సిపాల్ గారున్నారు. "నేనలా చెప్పలేదు," అన్నాను.

"సరే మేడమ్," అంది.

ఆగస్టు 14, గురువారం

ఆ రోజు ల్యాబ్‌లో ఆడిన పదిహేడో వీడియో విన్నాను. వినకుండా ఉండలేకపోయేను అని రాద్దామనుకున్నాను. నిజానికి రెండు రోజులు వినకుండానే ఉన్నాను.

ఈ పాఠం ఏటా చెప్తాను. ఏటా ఒకటే మాట. బల్ల మీద అరిచేత్తో గట్టిగా చరిచి, "యాసిడ్ మీద నీళ్లు పోసేరంటే అయిపోయినట్టే!" అంటాను. వెనక బల్లల వాళ్లు కూడా ఉలిక్కిపడి చూస్తారు. అందుకే చరుస్తాను.

కొత్త వీడియోలో నేను చక్కగా నవ్వుతూ, "ఆమ్లముపై నీటిని పోసినట్లయితే ప్రక్రియ పూర్తవుతుంది," అంటున్నాను.

అయిపోయినట్టే అంటే ఆ ప్రోగ్రాంకి అలా అర్థమైంది.

బల్ల మీద దెబ్బ లేదు. అనవసరమైన చప్పుడని తీసేసినట్టుంది. కానీ ఆ దెబ్బకి అప్పట్లో పోతురాజు చేతిలో ఫోన్ ఊగింది. ఆ ఊపు మాత్రం అలాగే ఉంది. నేను మెత్తగా మాట్లాడుతూంటే బొమ్మ ఒక్క క్షణం అదురుతుంది. ఎందుకు అదిరిందో చూసేవాళ్లకి తెలీదు.

నాలుగుసార్లు విన్నాను. ఈయన చెవుల్లో పెట్టుకునేవి తెచ్చి ఇచ్చేరు. అత్తగారు వినకూడదని కాబోలు.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా ఎగరేసేం. ప్రిన్సిపాల్ గారు మన కాళ్ల మీద మనం నిలబడటం గురించి మాట్లాడేరు. మైకు క్లాస్‌తోటవాళ్లు ఇచ్చింది.

చాక్లెట్లు పంచేక నన్ను గదిలోకి పిలిచేరు.

"మేడమ్, బుధవారం ఎంక్వైరీ. కంపెనీవాళ్లు ఒకటే మాట అంటున్నారు. వీడియోని టీచరు ఆమోదించేకే పెట్టేం అని." ఫోన్ తిప్పి చూపించేరు. నా పేరు, జులై పంతొమ్మిది.

"మీరే తొందర పెట్టేరు కదండీ."

"పెట్టేను," అన్నారు. నేను నొక్కమన్నాను, వినొద్దన్నానా అని అనలేదు గానీ అన్నట్టే చూసేరు. చెడ్డమనిషి కాదు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. "చూడండి, మూడేళ్ల కాంట్రాక్టు. హాజరు, మార్కులు, ఫీజులు అన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఇవాళ గొడవ పెట్టుకుంటే రేపు మన పిల్లల మార్కులు మనకే కనిపించవు. అమ్మాయి సరిగ్గా వినలేదు, పొరపాటున పోసింది అని రాసుకుందాం. ఆసుపత్రి ఖర్చు కాలేజీ చూసుకుంటుంది. మీకూ ఏ ఇబ్బందీ ఉండదు."

"అమ్మాయికి?"

"ఏముంది, ఈ ఏడాదికి ల్యాబ్‌లోకి రానివ్వం. జాగ్రత్త కోసం."

ఆలోచిస్తానని చెప్పేను. ఆలోచించడానికి ఏముందో తెలీదు.

ఆగస్టు 16, శనివారం

క్లాస్‌తోటకి ఫోన్ నెంబరు లేదు. యాప్‌లో 'తోటమాలి' అని ఒకటి మాట్లాడుతుంది. మనిషి కాదు. పొద్దున్నంతా దాంతోనే.

పదిహేడో వీడియోలో ప్రమాదకరమైన తప్పుంది, తీసెయ్యండి అని రాసేను.

'మీ పాఠం పట్ల మీ శ్రద్ధకు ధన్యవాదాలు! మీ అభ్యర్థన నమోదైంది. నలభై అయిదు పనిదినాల్లో పరిశీలిస్తాం.'

ఒక అమ్మాయి చెయ్యి కాలింది అని రాసేను.

'వినడానికి బాధగా ఉంది. మీ భద్రత మాకు ముఖ్యం. ఈ సంభాషణకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?'

నా పాత వీడియో నాకివ్వండి అన్నాను.

'పాత వెర్షన్ తొలగించబడింది. మెరుగైన వెర్షన్ అందుబాటులో ఉంది.'

నా దగ్గర కాపీ లేదు. కాలేజీ దగ్గరా లేదు. అక్కడ ఉంటుంది కదా అని ఎవరం పెట్టుకోలేదు.

ఒక నక్షత్రం ఇచ్చేను. ఎలా మెరుగుపడవచ్చో చెప్పమంది.

ఆగస్టు 17, ఆదివారం

ఆసుపత్రికి వెళ్లేను. కొండతల్లి నాన్న వచ్చి ఉన్నాడు. పేరు దేముడు. కొండ మీద రాగులు, పసుపు వేస్తాడట. మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. నేనూ స్టూలు మీద కూర్చోలేక నిలబడ్డాను.

కొండతల్లి నిద్రపోతోంది. చెయ్యి మొత్తం కట్టు.

"నొప్పికి ఏడవట్లేదమ్మా," అన్నాడు. "నిన్న కాలేజీ నుంచి ఒకాయనొచ్చి, మీ గుంట పాటం ఇన్లేదు, అందుకే ఇలగయ్యింది అన్నాడు. అప్పుట్నుంచీ ఏడుపే. నేనిన్నాను నాన్నా, ఇన్నాను నాన్నా అంటాది. ఇది సిన్నప్పుడు కూడా అంతేనమ్మా. సెప్పింది సెప్పినట్టు సేత్తాది. నూతి కాడ నిలబడమంటే వాన వచ్చినా కదల్దు."

కొండతల్లి కాళ్ల మీద దుప్పటి సర్దేను.

"ల్యాబ్‌లోకి రానివ్వరంట గదా?"

"బుధవారం మీటింగుంది. చూద్దాం," అన్నాను.

"మీరు సూడండమ్మా. ఆల్లకి మీరు సెప్తే ఇంటారు. టీవీలో కూడా మీరే గదా."

బత్తాయిలు అక్కడ పెట్టి వచ్చేసేను. నేను నొక్కిన సంగతి అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. ఆటోలో ఇల్లు దాటి తుమ్మపాల దాకా వెళ్లిపోయి, మళ్లీ వెనక్కి తిరిగి వచ్చేను.

ఆగస్టు 18, సోమవారం

పొద్దున్న ఈయనకి టిఫిన్ పెడుతూ అన్నీ చెప్పేను. ఆమోదించు నొక్కిన సంగతి కూడా. ఇడ్లీ తినడం ఆపలేదు.

"ఎవరి తప్పో బుధవారం తేలుస్తారు. బాగానే ఉంది. మరి ఆ వీడియో ఇంకా ఆడుతోందా?"

"ఆడుతోంది."

"మా ప్లాంటులో ఏదన్నా అయితే ముందు లైను ఆపుతాం. ఎవడి తప్పో ఆ తరవాత. నువ్వు లైను ఆపకుండా కూర్చుని ఏడుస్తున్నావేటి?"

నేను ఏడవట్లేదని చెప్పేను. కంపెనీ బస్సు హారన్ కొట్టింది, ఈయన వెళ్లిపోయేరు.

యాప్‌లో 'మీ పాఠం వికసించిన తోటలు' అని ఒకచోట ఉంది. మా కాలేజీ కాకుండా పదమూడు కాలేజీల పేర్లు. కాలేజీకి సెలవు చెప్పి, ఫోన్ నెంబర్లు వెతుక్కుని చెయ్యడం మొదలుపెట్టేను.

మొదటి నెంబరు ఫీజుల కౌంటర్‌ది. ఫీజు కట్టాలంటే ఒకటి నొక్కమంది. ఇంకే నెంబరూ లేదు.

రెండో చోట క్లర్కు, "వీడియోల గురించైతే వీడియోలో మేడమ్‌నే అడగాలండి," అన్నాడు. ఆ మేడమ్‌ని నేనే అన్నాను. పెట్టేసేడు.

మూడో చోట లెక్చరరు దొరికేరు. అంతా విని, "మాకేం పరవాలేదు మేడమ్. మా ల్యాబ్‌లో యాసిడ్ అయిపోయి మూడేళ్లయింది," అన్నారు. ఒక కాలేజీలో సామాన్లు లేవని విని ఇంత ఊరట పడటం ఇదే మొదలు.

అయిదో చోట ఒక కుర్ర లెక్చరరు. నేను ఫలానా రాజశ్రీని, పదిహేడో వీడియోలో తప్పుంది, ఆపండి బాబూ అన్నాను.

"ఎవరండీ మీరు?"

"ఆ వీడియోలో ఉన్నదాన్ని నేనే."

"ఆ మేడమ్ ఇలా మాట్లాడరండి."

"నేను ఇలాగే మాటాడతాను బాబూ! అది మిషను సేసిన గొంతు!" కంగారులో సే అనే అన్నాను.

"అమ్మా, మాకు క్లాసుంది. ఇలాంటి ఫోన్లు చెయ్యకండి."

మళ్లీ చేసేను. ఎత్తగానే ఊపిరి పీల్చుకుని, మెల్లగా, ఆ వీడియోలో నేను మాట్లాడే తీరులో, "నమస్కారము. ఆమ్లములో ఎట్టి పరిస్థితులలోనూ నీటిని పోయరాదు. పదిహేడవ పాఠములో పొరపాటు దొర్లినది. దయచేసి నిలిపివేయండి," అన్నాను.

"మేడమ్! నమస్కారం మేడమ్. చెప్పండి, రాసుకుంటున్నాను," అన్నాడు.

ఆ తరవాత అన్ని చోట్లకీ అలాగే మాట్లాడేను. అందరూ గౌరవంగా విన్నారు. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయేరు.

తొమ్మిదో కాలేజీలో ఒకావిడ ఎత్తేరు, పేరు శాంతికుమారి. చెప్పింది పూర్తిగా వినలేదు. "పదిహేడా? మేడమ్, ఇప్పుడు అదే నడుస్తోంది," అన్నారు. ఫోన్ బల్ల మీద పడిన చప్పుడు. చెప్పుల చప్పుడు దూరంగా వెళ్లింది. నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగేను. అవతల నా గొంతు వినిపిస్తోంది, నవ్వుతూ. చటుక్కున ఆగిపోయింది. చాలాసేపటికి ఆవిడ వచ్చి, "ఎవరూ పొయ్యలేదు మేడమ్. పొయ్యబోతున్నారు," అన్నారు. ఆవిడ ఆయాసపడుతున్నారు.

ఆగస్టు 19, మంగళవారం

మిగతా కాలేజీలు అయ్యేయి. ఫీజు కౌంటర్ కాలేజీ తప్ప. వాళ్లది విజయనగరం వైపు. బస్సెక్కి వెళ్లి చెప్పి వచ్చేను. వాచ్‌మన్ లోపలికి పంపలేదు, కెమిస్ట్రీ సారునే గేటు దగ్గరకి పిలిచేడు. ఆయన వాళ్ల ల్యాబ్ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయిస్తానన్నారు.

ఆగస్టు 20, బుధవారం

ఎంక్వైరీ అయింది.

ప్రిన్సిపాల్ గారు, కమిటీ సభ్యులిద్దరు, మూల కుర్చీలో దేముడు. కొండతల్లిని రావద్దన్నారట. డాక్టరు ఒప్పుకున్నాడని వచ్చింది, కట్టుతో, హాస్టల్ వార్డెన్ని పట్టుకుని. క్లాస్‌తోట తరఫున ఒకాయన గోడ మీద తెరలో ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి, గొంతు రావట్లేదు. చాలాసేపు మ్యూట్ తియ్యండి, మ్యూట్ తియ్యండి అన్నాం. వీలు కాలేదు. సరే, మొదలుపెడదాం అన్నారు.

ప్రిన్సిపాల్ గారు చదివేరు. విద్యార్థిని పాఠమును శ్రద్ధగా వినకపోవుట వలన అని వచ్చిన చోట కొండతల్లి తల దించుకుంది. దేముడు కూతుర్ని చూడలేదు, నన్ను చూసేడు.

"ఇది సరిగ్గానే ఉంది కదా మేడమ్?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

లేచేను. బల్ల పట్టుకున్నాను.

"లేదండీ. ఆ పిల్ల విన్నాది. వినలేనిది నేను," అన్నాను. అని, ఆ మాట కూడా తప్పే అనిపించి దిద్దుకున్నాను. "వినలేకపోవడం కాదు. వినలేదు. రెండు వీడియోలు విని అన్నింటికీ నొక్కేను. బాగా మాట్లాడుతున్నానని సంబరపడ్డాను. ఆ పిల్ల నా పాఠం ఒక్క ముక్క పొల్లు పోకుండా విని, అలాగే చేసింది. నేను పక్క గదిలో ఖాళీగా కూర్చున్నాను. ఆ గదిలో మనిషి లేకపోవడం కాలేజీ తప్పు. నొక్కడం నా తప్పు. ఆ పిల్ల తప్పు ఏదీ లేదు. అలా రాస్తే నేను సంతకం పెట్టను."

అప్పుడే తెరలో ఆయన గొంతు వచ్చింది. "...కాబట్టి మేము వేదిక మాత్రమే. అందులో ఏముందన్న బాధ్యత ఆమోదించిన వారిదే," అని ముగించి, అందరికీ ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోయేడు.

కాగితంలో ఆ వాక్యం కొట్టేసేరు. కొండతల్లి ల్యాబ్‌కి రావచ్చు అని రాసేరు. బయటికొచ్చేక ఆమె నా దగ్గరకి రాలేదు. దూరం నుంచి ఎడమ చెయ్యి సగం ఎత్తింది. నమస్కారమో, ఆగమనో తెలీలేదు. నేనే దగ్గరికి వెళ్లి, "ఆ రోజు అందరి ముందు అలా చెప్పలేదని అన్నాను, తప్పు అమ్మా," అన్నాను.

"సరే మేడమ్" అనలేదు ఈసారి. వాళ్ల నాన్న ఆటో పిలిచేడు.

ఆగస్టు 22, శుక్రవారం

సోమవారం నుంచి రావక్కర్లేదన్నారు. "మీరు మాకు ఎప్పుడూ ఉన్నట్టే మేడమ్. వీడియోల్లో ఉన్నారు కదా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఎగతాళి కాదు. ఆయన నిజంగానే ఓదార్చేరు.

ఆగస్టు 26, మంగళవారం

ఇంట్లో ఉన్నాను. సుఖంగా ఉంది.

సెప్టెంబరు 2, మంగళవారం

సుఖంగా లేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

పోతురాజు ఫోన్ చేసేడు.

"మేడమ్‌గారూ, ల్యాబ్‌లో టీవీ పని సెయ్యట్లేదండి."

"ఏమైంది?"

"వైరు కనపళ్లేదండి."

"ఎక్కడికి పోయింది?"

"నా సంచీలో ఉందండి."

ప్రిన్సిపాల్ గారు పిలిపిస్తే ఇద్దరు మెకానిక్‌లు వచ్చి చూసేరట. ఇద్దరూ పోతురాజు బంధువులేనట.

సెప్టెంబరు 11, గురువారం

తోటమాలి నుంచి జవాబు వచ్చింది. 'మీరు ప్రస్తుతం ఆ విద్యాసంస్థ సభ్యులు కానందున మీ అభ్యర్థన ముగించబడింది. మీ తోట ఎప్పటికీ పచ్చగా ఉండాలని కోరుకుంటున్నాం.'

వీడియో అలాగే ఉంది. పదమూడు కాలేజీలకీ మళ్లీ ఫోన్ చేసేను. ఎవరూ ఆడించట్లేదు. శాంతికుమారి గారు తన పిల్లలకి మిగతా వీడియోలు కూడా ముందు తను విని, తప్పులు రాసుకుని, అప్పుడు చూపిద్దామనుకున్నారట. ఇప్పటికి ఇంకో రెండు దొరికేయన్నారు. అలా విన్నాక ఇంక చూపించడం ఎందుకు, నేనే చెప్పేస్తున్నాను అన్నారు.

సెప్టెంబరు 24, బుధవారం

ప్రిన్సిపాల్ గారు ఇంటికి వచ్చేరు. అత్తగారు కుర్చీ తుడిచి వేసేరు. నవంబరులో యూనివర్సిటీ ప్రాక్టికల్ పరీక్ష. బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు.

"ఆయన మనిషే మేడమ్," అన్నారు దిగులుగా. "ప్రశ్నలు అడుగుతాడు. ఆ ప్రమాదం అయిన దగ్గర్నుంచి ఆరువారాలుగా పిల్లలు చూడ్డమే గానీ ఏమీ చెయ్యలేదు. దసరా సెలవులయ్యేక మంగళ, గురువారాలు మీరు ల్యాబ్‌కి రండి. గంటకి ఇంతని ఇస్తాం. కాకపోతే టైమ్‌టేబుల్లో మీ పేరు ఉండదు. ఆ గళ్లలో క్లాస్‌తోట అనే వస్తుంది. మార్చడానికి మాకు వీలు లేదు."

వస్తానన్నాను. పౌరుషం చూపించాల్సిందని ఈయన అన్నారు. చూపించలేదు.

అక్టోబరు 14, మంగళవారం

ల్యాబ్‌కి వెళ్లేను. గోడ మీద టీవీ నల్లగా ఉంది. పిల్లలు లేచి నిలబడ్డారు.

కొండతల్లి మొదటి బల్ల దగ్గరే ఉంది. కుడిచేతి వేళ్లు రెండు ఇంకా పూర్తిగా ముడుచుకోవు. చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. బీకరు ఎడమ చేత్తో పట్టుకుంది. అందరికీ కళ్లద్దాలు పెట్టించేను. పోతురాజు ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్లి చూసి వచ్చేడు.

ముందు నీళ్లు తీసుకోమన్నాను. తీసుకున్నారు. ఇప్పుడు బీకరు గోడ వెంట గాజు కడ్డీ మీద నుంచి యాసిడ్‌ని చుక్క చుక్కగా నీళ్లలోకి వదలాలి, యాసిడ్ మీద మాత్రం నీళ్లు పొయ్యకూడదు అన్నాను. అందరూ సీసాలు అందుకున్నారు. కొండతల్లి అందుకోలేదు.

"ఎందుకు మేడమ్?" అంది.

రెండేళ్లలో పాఠం గురించి ఆ పిల్ల నన్ను అడిగిన మొదటి ప్రశ్న. గొంతులో భయం లేదు, కోపమూ లేదు. తెలుసుకుంటే తప్ప చెయ్యి కదపను, అంతే. మిగతా పిల్లలు సీసాలు కింద పెట్టేసేరు. వాళ్లూ నన్నే చూస్తున్నారు.

చెప్పేను. నీళ్లు యాసిడ్‌లో కలిసినప్పుడు వేడి ఎక్కడి నుంచి వస్తుందో, పైన తేలే నీళ్లు ఎందుకు మరిగిపోతాయో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేను. అది అర్థమయ్యేక ఇంకో ప్రశ్న అడిగింది. దానికి జవాబు చెప్తే వెనక బల్ల నుంచి ఇంకొకరు అడిగేరు. ఒకదానికి నాకు తెలీలేదు, గురువారం చదివి వచ్చి చెప్తానన్నాను. సే అన్నానో చే అన్నానో చూసుకోలేదు.

గంట కొట్టేరు. ఒక్కళ్లూ ప్రయోగం మొదలుపెట్టలేదు. ఒక్కళ్లూ బయటికి వెళ్లలేదు.